పాప్ అప్ హెడ్‌లైట్లు మొరాయిస్తే: పాత స్పోర్ట్స్ కార్ల యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

పాప్ అప్ హెడ్‌లైట్లంటే వాడనప్పుడు కారు ముందు భాగంలో దాగి ఉండి, స్విచ్ వేస్తే పైకి లేచే లైట్లు. హైదరాబాద్‌లో అవి ఉన్న కార్లు చాలా తక్కువ. మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5, టయోటా ఎంఆర్2, సెలికా, పోర్షె 944 లాంటివి ఎక్కడో ఒకటి కనిపిస్తాయి. వాటి యజమానులకు వచ్చే సందేహాలు మాత్రం దాదాపు ఒకటే. తొలకరి పడగానే అవే ప్రశ్నలు మళ్లీ మొదలవుతాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. "మోటారు పోయింది" అని ఎవరైనా అనగానే విదేశాల నుంచి తెప్పించడానికి తొందరపడకండి. చాలాసార్లు తప్పు తుప్పు పట్టిన ఎర్త్‌దో, వదులైన కప్లర్‌దో, అరిగిపోయిన బుష్‌దో అయి ఉంటుంది. (ఎర్త్ అంటే కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి వెళ్లే దారి, కప్లర్ అంటే వైర్లను కలిపే ప్లగ్గు, బుష్ అంటే కీలులో ఉండే చిన్న తొడుగు.) మోటారును అన్నిటికంటే చివర అనుమానించాలి.

## ముందుగా తెలిసి ఉండాల్సినవి

అసలు ఈ లైట్లు ఎలా లేస్తాయి? లోపల ఏముంటుంది?

కారును బట్టి పద్ధతి మారుతుంది. ఎంఎక్స్-5, ఎంఆర్2 లాంటి జపాన్ కార్లలో ఒక్కో లైటుకు ఒక్కో మోటారు. పోర్షె 944లో ఒకే మోటారు అడ్డంగా ఉన్న షాఫ్ట్ ద్వారా రెండు లైట్లనూ లేపుతుంది. 1960ల లోటస్ ఎలాన్, 1968 నుంచి 1982 దాకా వచ్చిన మూడో తరం కార్వెట్ కార్లలో లైట్లు ఇంజిన్ వాక్యూమ్‌తో, అంటే ఇంజిన్ గాలి పీల్చే శక్తితో పనిచేస్తాయి. ఓపెల్ జీటీలో అయితే మోటారే లేదు, డ్రైవర్ లివర్ తోస్తే లైట్లు తిరుగుతాయి.

ఎంఎక్స్-5 తరహా మోటారు పని ఇలా ఉంటుంది. మోటారు బయట ఒక క్రాంక్ చెయ్యి, దానికి లింక్ రాడ్, ఆ రాడ్‌కు లైటు గిన్నె (బల్బు కూర్చునే భాగం). క్రాంక్ సగం చుట్టు తిరిగితే లైటు పైకి, మిగతా సగం తిరిగితే కిందికి. మోటారు ఎప్పుడూ ఒకే దిక్కుకు తిరుగుతుంది, వెనక్కి తిరగదు. సగం చుట్టు కాగానే కరెంటు ఆపేయడానికి లోపల రాగి ట్రాకులున్న ఒక కాంటాక్ట్ ప్లేటు ఉంటుంది. లైటు ఎక్కడ ఆగాలో నిర్ణయించేది ఆ ప్లేటే. ఇంతవరకు అర్థమైతే లక్షణాన్ని చూసి తప్పు ఎక్కడుందో సగం మీరే చెప్పగలరు.

ఇవి ఇప్పటి కార్లలో ఎందుకు రావు?

ఈ ఆలోచన పాతదే. అమెరికాలో తయారైన 1936 మోడల్ కార్డ్ 810 కారులోనే చేత్తో తిప్పి లేపే లైట్లుండేవి. 2004లో ఐదో తరం కార్వెట్, లోటస్ ఎస్ప్రీ తయారీ ఆగిపోవడంతో మామూలుగా అమ్మే కార్లలో పాప్ అప్ లైట్ల కాలం ముగిసింది. పాదచారికి కారు తగిలినప్పుడు ముందు భాగం గట్టిగా పొడుచుకుని ఉండకూడదన్న భద్రతా నిబంధనలు ఒక కారణం. బరువు, ఖర్చు, చిన్న సైజులో మంచి లైట్లు రావడం మిగతా కారణాలు. అంటే కంపెనీ షోరూంలో విడిభాగాలు దొరుకుతాయన్న ఆశ పెట్టుకోకూడదు. ఉన్నవాటిని జాగ్రత్తగా బాగుచేసుకోవడమే దారి.

## రోడ్డు మీద ఉన్నట్టుండి వచ్చే సమస్యలు

రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉన్నాను. లైట్లు లేవడం లేదు. ఇప్పుడేం చేయాలి?

హజార్డ్ లైట్లు వేసి, వేగంగా వెళ్లే లేన్లకు దూరంగా, వీలైతే దీపాలున్న ఇంటర్‌చేంజ్ దగ్గర ఆగండి. లైట్ల స్విచ్ ఆఫ్ చేయండి. బానెట్ తెరిచి ఫ్యూజు పెట్టెలో హెడ్‌లైట్లను లేపే మోటారు ఫ్యూజు తీసేయండి. ఎంఎక్స్-5లో దాని మీద "రిట్రాక్ట్" అని ఇంగ్లిషులో రాసి ఉంటుంది. ఫ్యూజు తీయకుండా మాత్రం చెయ్యి పెట్టొద్దు. ఆగిపోయిన మోటారు ఉన్నట్టుండి తిరిగితే లింక్ రాడ్ మధ్య వేళ్లు నలిగిపోతాయి.

తర్వాత మోటారు నెత్తిన రబ్బరు మూత తీస్తే చిన్న నాబ్ కనిపిస్తుంది. బాణం గుర్తు ఉంటే ఆ దిక్కుకే తిప్పండి. చాలా చుట్లు తిప్పాలి, ఓపిక పట్టండి. లైటు పూర్తిగా లేచాక రెండోది కూడా అలాగే లేపండి. తీసిన ఫ్యూజును మళ్లీ పెట్టకుండానే హెడ్‌లైట్ స్విచ్ వేస్తే బల్బులు వెలుగుతాయి, ఎందుకంటే బల్బుల ఫ్యూజులు వేరు. అలాగే ఇంటికి చేరండి.

నాబ్ ఎక్కడుందో పగలే ఒకసారి చూసి పెట్టుకోండి. చీకట్లో ఫోన్ టార్చి నోట్లో పెట్టుకుని వెతకడం చాలా కష్టం.

ఒక్క లైటే లేచింది, రెండోది మూసుకునే ఉంది. ఎందుకని?

రెండింటికీ కలిపి ఉన్న ఫ్యూజు, స్విచ్ బాగానే ఉన్నట్టు లెక్క. ఇక మిగిలింది ఆ పక్కన ఉన్న కప్లర్, ఎర్త్, మోటారు, లింక్. కొన్ని కార్లలో పక్కకొక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ఉంటుంది, దాన్నీ చూడాలి. పక్కన ఒకరిని నిలబెట్టి స్విచ్ వేసి వినమనండి. మోటారు తిరుగుతున్న శబ్దం వస్తూ లైటు కదలకపోతే లింక్ ఊడిందో, లోపల గేరు పళ్లు పోయాయో అని అర్థం. శబ్దమే లేకపోతే కరెంటు చేరడం లేదు, లేదా మోటారు బిగుసుకుపోయింది. ముందు కప్లర్ ఊడదీసి పిన్నులు చూడండి. ఆకుపచ్చగా పొడి కట్టి ఉంటే అదే మీ సమస్య కావచ్చు.

రెండు లైట్లూ లేవడం లేదు. ఏ శబ్దమూ రావడం లేదు.

రెండు మోటార్లు ఒకే రోజు పోవడం అరుదు. ఫ్యూజు, స్విచ్, రిలే అన్న వరుసలో చూడండి. ఫ్యూజును కంటితో చూసి వదిలేయకండి, మీటరు పెట్టి చూడండి. సన్నని పగులు కంటికి కనబడదు. డ్యాష్ మీద లైట్లను విడిగా లేపే బటన్ ఉన్న కార్లలో అదీ నొక్కి చూడాలి. బటన్‌తో లేచి, లైట్ల స్విచ్‌తో లేవకపోతే తప్పు స్టీరింగ్ దగ్గరి స్విచ్‌లో ఉంది. మోటార్ల జోలికి వెళ్లే పనే లేదు.

స్విచ్ వేస్తే టిక్ మంటుంది గానీ లైట్లు కదలవు.

టిక్ మన్నది రిలే. స్విచ్ నుంచి రిలే దాకా ఉన్న దారి బాగుందని అది చెబుతోంది. రిలే లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉండవచ్చు, లేదా అక్కడి నుంచి మోటారుకు వెళ్లే దారిలో ఎక్కడో కరెంటు ఆగిపోతూ ఉండవచ్చు. అదే నంబరున్న రిలే కారులో ఇంకెక్కడైనా వాడి ఉంటే, దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టి చూడటం అన్నిటికంటే సులువైన పరీక్ష.

లైట్లు బద్ధకంగా, నెమ్మదిగా లేస్తున్నాయి.

ఇంజిన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి లేపి చూడండి. నడుస్తున్నప్పుడు చురుగ్గా లేస్తే బ్యాటరీని అనుమానించండి. మన ఏప్రిల్, మే ఎండలకు బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి, ఆ సంగతి మాత్రం వానాకాలంలో వైపర్లు, లైట్లు కలిసి వాడినప్పుడే బయటపడుతుంది. రెండు సందర్భాల్లోనూ నెమ్మదిగానే ఉంటే ఎర్త్ పాయింట్లు విప్పి, లోహం మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించండి. ఆ తర్వాత లైటు గిన్నె తిరిగే కీళ్లను చూడండి. అక్కడ దుమ్ము, ముదిరిన గ్రీజు కలిసి గట్టిపడి ఉంటాయి.

మోటారు ఆగడం లేదు. లైట్లు పైకీ కిందికీ ఆడుతూనే ఉన్నాయి.

ఇది ఆలస్యం చేయకూడని సమస్య. వెంటనే ఫ్యూజు తీసేయండి. వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది, మోటారు వేడెక్కి వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్ట) కాలిపోతుంది. సగం చుట్టు దగ్గర కరెంటు ఆపాల్సిన కాంటాక్ట్ ప్లేటు తన పని చేయకపోవడం మొదటి కారణం. లోపల నీళ్లు చేరితే, లేదా రాగి ట్రాకులు అరిగిపోతే ఇలా అవుతుంది. రిలే కాంటాక్టులు అతుక్కుపోవడం రెండో కారణం. ఇక లైటు కదలకుండా మోటారు శబ్దం మాత్రమే ఆగకుండా వస్తుంటే అది గేరు సమస్య. నాలుగో తరం కార్వెట్, పోంటియాక్ ఫియరో కార్లలో గేరు లోపలి ప్లాస్టిక్ ముక్కలు పొడిపొడి కావడం పేరుమోసిన జబ్బు.

లేస్తాయి గానీ వెలగవు.

లేపే వ్యవస్థ, వెలిగే వ్యవస్థ వేర్వేరు. బల్బు, బల్బు ఫ్యూజు చూశాక, లైటు గిన్నె వెనక ఉన్న వైర్ల కట్టను పట్టి చూడండి. లైటు లేచినప్పుడల్లా ఆ వైర్లు వంగుతాయి. 30 ఏళ్లుగా వంగి వంగి, పైన తొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తెగిపోతుంది. చేత్తో కాస్త కదిపితే మిణుకుమంటే అదే చోటు. అక్కడ టేపు చుట్టి సరిపెట్టకండి. మెత్తగా వంగే కొత్త వైరు కొంచెం వదులుగా, పొడవుగా వేయించండి.

పార్కింగ్ లైట్లకు తిప్పాను, హెడ్‌లైట్లు ఆరిపోయాయి గానీ కిందికి దిగలేదు. పాడైనట్టేనా?

కాదు. చాలా జపాన్ కార్లలో అలాగే తయారు చేశారు. స్విచ్ పూర్తిగా ఆఫ్ చేస్తేనే దిగుతాయి. నిశ్చింతగా ఉండండి.

మూసుకోని లైటును చేత్తో నొక్కి దించవచ్చా?

వద్దు. చేత్తో నొక్కిన బలమంతా గేరు పళ్ల మీద పడుతుంది. ఆ గేరు ప్లాస్టిక్‌ది అయితే పళ్లు అక్కడికక్కడే ఊడతాయి. పార్కింగ్‌లో కారు చూసి ముచ్చటపడి నొక్కబోయే పిల్లలకు, వ్యాలే పార్కింగ్ తమ్ముళ్లకు, వాషింగ్ సెంటర్ వాళ్లకు కూడా ఈ మాట ముందే చెప్పండి. నాబ్ తిప్పి దించడం ఒక్కటే సరైన పద్ధతి.

ఇంజిన్ ఆపాక లైట్లు వాటంతటవే కదులుతున్నాయి. కారు పాత లోటస్.

వాక్యూమ్ ఎక్కడో కారుతోంది. ఎలాన్ తొలి మోడళ్లలో వాక్యూమ్ పోతే లైట్లు కిందికి దిగుతాయి. తర్వాతి మోడళ్లలో భద్రత కోసం దాన్ని తిరగేశారు, వాక్యూమ్ పోతే పైకి లేస్తాయి. రబ్బరు గొట్టాలు, వాక్యూమ్ వెనక్కి పోకుండా ఆపే వాల్వ్ ముందు చూడండి. ఎలాన్‌లో ఛాసిస్ ముందు అడ్డ కమ్మే వాక్యూమ్ ట్యాంకుగా పనిచేస్తుంది. అది తుప్పు పట్టి చిల్లు పడితే గొట్టాలు ఎన్ని మార్చినా లాభం ఉండదు.

## ఇంట్లో పరీక్షించేటప్పుడు

మల్టీమీటర్‌తో ఏం చూడాలి? 12 వోల్టులు చూపిస్తున్నా మోటారు తిరగడం లేదు.

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. కప్లర్ ఊడదీసి మీటరు పెడితే, ఒకే ఒక్క పోగు మిగిలిన వైరు కూడా 12 వోల్టులు చూపిస్తుంది. మోటారు కరెంటు లాగినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. కాబట్టి కప్లర్ తగిలించి, మోటారు తిరగాల్సిన సమయంలోనే కొలవాలి.

ముందు బ్యాటరీ. ఇంజిన్ ఆపి కొంతసేపు వదిలాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సగమే ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి.

తర్వాత ఎర్త్. మీటరు ఒక కొస మోటారు ఎర్త్ వైరు మీద, రెండో కొస బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టి స్విచ్ వేయించండి. మోటారు తిరిగేటప్పుడు 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగుంది. 0.5 దాటితే శుభ్రం చేయాల్సిందే. ఇలాగే బ్యాటరీ పాజిటివ్ నుంచి మోటారు దాకా ఎంత వోల్టేజీ పోతోందో కొలిస్తే ఫ్యూజు పెట్టె, రిలే, వైర్లలో తప్పు ఎక్కడుందో దొరుకుతుంది.

మీటరు లేకపోతే ఆటో ఎలక్ట్రీషియన్లు వాడే బల్బు టెస్ట్ లైటు చాలు. బల్బు కొంత కరెంటు లాగుతుంది కాబట్టి తెగబోతున్న వైరును మీటరు కంటే తొందరగా పట్టిస్తుంది.

మోటారుకు నేరుగా బ్యాటరీ ఇచ్చి చూడవచ్చా?

చూడవచ్చు, కానీ వైరింగ్ బొమ్మ దగ్గర పెట్టుకుని. ఏ పిన్నుకు ప్లస్, ఏ పిన్నుకు ఎర్త్ అన్నది తెలియకుండా ఊహించి ఇస్తే కాంటాక్ట్ ప్లేటు కాలుతుంది. లింక్ రాడ్ ఊడదీసి, వైరు మధ్యలో ఫ్యూజు పెట్టి ఇవ్వండి. లింక్ లేకుండా హాయిగా తిరిగి, లింక్ తగిలిస్తే ఆగిపోతే మోటారు మంచిదే. బిగుసుకున్నది లైటు గిన్నె కీలు.

గుంతల్లో పడితే లైటు ఊగుతోంది, కటకటమంటోంది.

లింక్ రాడ్ కొసల్లోని ప్లాస్టిక్ బుష్ అరిగింది. లైటు లేపి పైఅంచు పట్టుకుని మెల్లగా కదిపితే ఆట తెలిసిపోతుంది. రాత్రి రోడ్డు మీద వెలుగు వణికేది కూడా దీనివల్లే. ప్రమాదం కాదని వదిలేస్తే బుష్ పగిలి, లింక్ ఊడి, లైటు సగంలో ఆగుతుంది. చవకగా పోయే పనిని ఆ దశ దాకా తీసుకెళ్లకండి.

## విప్పాక, బాగుచేయించేటప్పుడు

మోటారు నేనే విప్పుకోవచ్చా? ఏం జాగ్రత్తలు?

చేతికి స్పానర్ అలవాటుంటే విప్పుకోవచ్చు. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. విప్పే ముందు క్రాంక్ చెయ్యి షాఫ్ట్ మీద ఏ కోణంలో కూర్చుందో మార్కర్‌తో గీత గీసి, ఫోన్‌లో ఫొటో తీయండి. ఇది మరిచిపోతే అంతా బాగుచేసి బిగించాక కూడా లైటు సగం తెరిచి ఆగుతుంది, తప్పు ఎక్కడుందో తెలియక మళ్లీ వైర్లన్నీ వెతుక్కుంటారు.

మూత తీస్తే గేరు, కాంటాక్ట్ ప్లేటు, దాని మీద ఆనుకునే స్ప్రింగు రేకులు ఉంటాయి. ప్లేటు మీద గ్రీజు ముదిరి గోధుమరంగు జిగురులా ఉంటుంది. అది కరెంటును ఆపేస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మెత్తని గుడ్డతో తుడవండి. గరుకు ఎమరీ పేపర్ వాడితే పల్చని రాగి ట్రాకు పోతుంది. స్ప్రింగు రేకులు చదునైపోయి ఉంటే మరీ మెల్లగా పైకి వంచండి. కార్బన్ బ్రష్షులు పొట్టిగా మిగిలితే మార్చాలి. మూత బిగించేటప్పుడు పాత రబ్బరు సీలు గట్టిపడి ఉంటే చుట్టూ సన్నగా సిలికాన్ సీలెంట్ వేయండి. నీళ్లు దిగే రంధ్రం ఉంటే దాన్ని మాత్రం మూయకండి.

బుష్‌లు, రిలేలు, కప్లర్లు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి?

మీ కారు పేరు చెప్పి అడిగితే ఎక్కడా దొరకవు. కొలత చెప్పి అడిగితే చాలావరకు దొరుకుతాయి. పాత బుష్‌ను చేతిలో పెట్టుకుని రాణిగంజ్ వెళ్లండి. ఇండస్ట్రియల్ సామాన్ల షాపుల్లో నైలాన్ రాడ్డు తీసుకుని, లేత్ పనివాళ్ల దగ్గర అదే కొలతకు తిప్పించుకోవచ్చు. అరిగిన బుష్‌ను కాకుండా అది కూర్చునే గుంటను, బాల్‌ను వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పరికరంతో) కొలిపించండి, లేదంటే అరుగుదలతో సహా కాపీ అవుతుంది. ఒకటి అడిగే బదులు నాలుగు చేయించుకోండి. లేత్ మీద సెట్ చేసేందుకే సమయం పడుతుంది, ముక్కలు పెరిగినా ఖర్చు పెద్దగా పెరగదు.

పిన్నులు, హీట్ ష్రింక్ (వేడి తగిలితే ముడుచుకుని వైరును పట్టే తొడుగు), కాంటాక్ట్ క్లీనర్ కోసం కోఠి గుజరాతీ గల్లీ. రిలే కొనేటప్పుడు 12 వోల్టులు, ఆంపియర్లు కలిస్తే చాలదు, కాళ్ల అమరిక కూడా కలవాలి. పాత జపాన్ రిలేల కాళ్లు మన మామూలు రిలేలకు వేరుగా ఉంటాయి.

వైండింగ్ కాలిపోయింది. రీవైండింగ్ చేయించవచ్చా, కొత్తది తెప్పించాలా?

సెల్ఫ్ మోటార్లు, డైనమోలు చేసే పాతకాలపు వైండింగ్ పనివాళ్లు దొరికితే నిరభ్యంతరంగా ఇవ్వండి. అదే గేజు తీగ, అన్నే చుట్లు ఉండాలని గట్టిగా చెప్పండి. లోపలి అయస్కాంతం ఊడి ఉంటే అతికించే ముందు ఏ వైపు ఎటు ఉందో గుర్తు పెట్టమనండి, తిరగబడితే మోటారు పనిచేయదు. గేరు పళ్లే పోతే అప్పుడు బయటి నుంచి గేరో, మొత్తం మోటారో తెప్పించక తప్పదు. ఎడమ, కుడి మోటార్లు అన్ని కార్లలో ఒకటి కావు, పార్ట్ నంబరు చూసే ఆర్డరు చేయండి.

లైటు మూసుకున్నాక బానెట్ కంటే కాస్త ఎత్తుగా ఉంటోంది.

లింక్ రాడ్ పొడవు, కింద ఆనుకునే రబ్బరు స్టాపర్, ఈ రెండిట్లో ఒకదానితో సరిచేయవచ్చు. కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ నాబ్‌తో చేతిమీదుగా మూసి చూడండి. మోటారుతో మూస్తే అంచు తగిలి పెయింటు లేచిపోయే ప్రమాదం ఉంది. పాత కారు ఒకప్పుడు ఎక్కడైనా గుద్దుకుని ఉంటే బ్రాకెట్టే వంగి ఉండవచ్చు.

వెలుగు చాలడం లేదు. ఎల్‌ఈడీ వేయించవచ్చా?

ముందు హెచ్4 (డిప్, బ్రైట్ రెండూ ఒకే బల్బులో ఉండే హాలోజన్ రకం) వేయించి చూడండి. ఎంఎక్స్-5లో ఉండేది 7 అంగుళాల గుండ్రటి లైటు. మన అంబాసిడర్, మహీంద్రా జీపు, బుల్లెట్ లైట్ల సైజు కూడా అదే కాబట్టి మన దగ్గర తయారైన 60/55 వాట్ల హెచ్4 సెట్లు సులువుగా దొరుకుతాయి. అమెరికా నుంచి వచ్చిన కారైతే ఇది తప్పనిసరిగా చేయాలి. అక్కడి లైట్లు కుడివైపు నడిచే రోడ్ల కోసం చేసినవి, వాటి డిప్ మన దగ్గర ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది.

100/90 వాట్ల బల్బులు వేయకండి. పాత వైర్లు, స్విచ్ ఆ వేడికి తట్టుకోలేవు. ఎల్‌ఈడీ విషయంలో నా అభ్యంతరాలు ఇవి. వెనక ఫ్యాను, హీట్ సింక్ ఉన్నవి మూసేటప్పుడు గిన్నెకు తగులుతాయి. బరువు పెరిగితే మోటారుకూ బుష్‌కూ శ్రమ. పైగా హెచ్4 రిఫ్లెక్టర్‌లో చవక ఎల్‌ఈడీ పెడితే వెలుగు చెల్లాచెదురై ఎదుటి వాళ్లకు ఇబ్బంది.

## బాగయ్యాక

ఏ గ్రీజు వేయాలి? ఎన్నాళ్లకోసారి?

ప్లాస్టిక్ బుష్‌లకు సిలికాన్ గ్రీజు, లోహపు కీళ్లకు తెల్ల లిథియం గ్రీజు. ఎండాకాలం చివర ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి పాతది తుడిచి కొత్తది పల్చగా పూస్తే చాలు. దట్టంగా పూస్తే మన దుమ్మంతా అక్కడే అంటుకుంటుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్, కిరోసిన్ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. స్ప్రేలు బిగుసుకున్నది వదిలించడానికే గానీ గ్రీజు బదులు కావు.

కారు తక్కువగా తీస్తాను. లైట్లు వాడకపోతే ఎక్కువకాలం వస్తాయి కదా?

రావు. కదలకుండా ఉన్న కాంటాక్టుల మీదే పొర కడుతుంది, కీళ్లు బిగుసుకుంటాయి. వారానికోసారి ఇంజిన్ స్టార్ట్ చేసి రెండుమూడు సార్లు లేపి దించండి. అలాగని సరదాకి వరుసగా ఆడించకండి, మోటారు చిన్నది, త్వరగా వేడెక్కుతుంది.

వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలి?

లైట్లు లేపి చుట్టూ చేత్తో, గుడ్డతో తుడవమనండి. ప్రెషర్ గన్ ఆ ఖాళీలోకి పెట్టనివ్వకండి. కప్లర్లకు, మోటారు మూతకు నీళ్లు నేరుగా తగిలే చోటు అది. నీళ్లు పడ్డాయనిపిస్తే ఎండలో బానెట్ తెరిచి పెట్టి, ఆరాకే లైట్లు ఆడించండి.

రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్తున్నాను. లైట్లు ఎప్పుడూ పైకే ఉండేలా కట్టేస్తే నడుస్తుందా?

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసి, ఆపైన ఐదేళ్లకోసారి తనిఖీతో రెన్యువల్ చేయించాలి. తనిఖీలో లైట్లు రెండూ వెలగాలి, డిప్, బ్రైట్ సరిగా పడాలి. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కార్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది గానీ, మన పాప్ అప్ కార్లలో చాలావాటికి ఇంకా ఆ వయసు రాలేదు.

విడిభాగం వచ్చేదాకా నాబ్‌తో లేపి, ఫ్యూజు తీసి పైకే ఉంచడంలో తప్పు లేదు, మూసుకుని ఉండిపోవడం కంటే అది ఎంతో మేలు. తీగతో కట్టేయడం మాత్రం వద్దు. ఎవరైనా తెలియక ఫ్యూజు పెట్టి స్విచ్ వేస్తే మోటారు ఆ తీగతో పెనుగులాడి కాలిపోతుంది. తీసిన ఫ్యూజును చిన్న కవర్లో వేసి స్టీరింగ్‌కు కట్టి, "లైట్ల మోటారు ఫ్యూజు తీసి ఉంది" అని చీటీ రాసి పెట్టండి. తర్వాత ఆ కారు ముట్టుకునే మెకానిక్‌కు అది ఉపయోగపడుతుంది.